మీ మహాసభల ఖర్చు మా మందుల చీటీల మీద వేయకండి

భారత వైద్య సంఘం జాతీయ, తెలంగాణ శాఖల అధ్యక్ష కార్యదర్శులకు, వరంగల్ శాఖ పెద్దలకు, వివిధ స్పెషాలిటీల డాక్టర్ల సంఘాల నాయకులకు,



2023 ఆగస్టులో మీ జాతీయ నాయకత్వం కేంద్ర ప్రభుత్వాన్ని ఒక కోరిక కోరింది. దాన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఈ ఉత్తరం అందుకే.

ఆ నెల 2న నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్ల ప్రవర్తనకు కొత్త నిబంధనలు తెచ్చింది. మందుల కంపెనీలు నేరుగా గానీ చాటుగా గానీ డబ్బు పెట్టే సెమినార్లు, వర్క్‌షాపులు, మహాసభల జోలికి డాక్టర్లు పోకూడదన్నది వాటిలో ఒకటి. సరిగ్గా మూడు వారాలకు, 23న, ఆ నిబంధనలన్నిటినీ పక్కన పెట్టేశారు. 2002 నాటి పాతవే మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఈ రెండు తేదీల మధ్య మీ సంఘం ప్రతినిధులూ, పెద్ద మందుల కంపెనీల కూటమి ఇండియన్ ఫార్మాస్యూటికల్ అలయన్స్ ప్రతినిధులూ కేంద్ర ఆరోగ్య మంత్రిని కలిశారు. జెనరిక్ మందుల నాణ్యతకు పూచీ ఎవరిదని మీరు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే, నాకూ ఉంది ఆ అనుమానం. కానీ అదే ఊపులో సంఘాలనూ సంస్థలనూ ఈ నిబంధనల నుంచి మినహాయించాలని కూడా అడిగారు.

ఎందుకు మినహాయించాలి? డాక్టరుకు తప్పయినది, వెయ్యిమంది డాక్టర్లు కలిసి రసీదు పుస్తకం ముద్రించుకుంటే ఒప్పయిపోతుందా?

నిజానికి ఈ మినహాయింపు మీకు ఒకసారి దొరికింది కూడా. 2009 డిసెంబరులో అప్పటి మెడికల్ కౌన్సిల్ కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, హోటల్ బస, నగదు తీసుకోకూడదని నియమం పెట్టినప్పుడు, అది డాక్టర్లకూ డాక్టర్ల వృత్తి సంఘాలకూ కలిపి పెట్టింది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన సవరణలో సంఘాల ప్రస్తావన ఎగిరిపోయింది. విడ్డూరం ఏమిటంటే, ఒంటరి డాక్టరు ఎంత విలువైన కానుక పుచ్చుకుంటే ఎంత శిక్షో లెక్కకట్టిన పట్టికను చేర్చింది కూడా ఆ సవరణే. 5,000 రూపాయల లోపు అయితే మందలింపు, 10,000 లోపు అయితే మూడు నెలలు రిజిస్టరులోంచి పేరు తొలగింపు, లక్ష దాటితే ఏడాదికి మించి. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసిపెట్టడమంటే ఇదే. భూపాలపల్లిలోనో నర్సంపేటలోనో చిన్న క్లినిక్ నడుపుకునే డాక్టరు కంపెనీ నుంచి ఒక ఫ్రిజ్ తీసుకుంటే దొంగ. అదే కంపెనీ దానికి వందరెట్లు మీ మహాసభ ఖాతాలో జమచేస్తే వేదిక మీద శాలువా.

ఆ వెసులుబాటు లేని రోజుల్లో సైతం మీరు ఆగింది తక్కువే. 2008లో పెప్సికో కంపెనీ పళ్లరసం డబ్బాల మీదా, ఓట్స్ డబ్బాల మీదా సంఘం పేరు వేసుకోనివ్వడానికి మూడేళ్లకు 2.25 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకున్నారు. అది తప్పని మెడికల్ కౌన్సిలే తేల్చింది. తర్వాత గోడలకు వేసే రంగు ప్రకటనలోనూ సంఘం సిఫారసు చూశాం, ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీదా చూశాం. బల్బుకు డాక్టర్ల ధ్రువీకరణ ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు. రంగూ బల్బూ పోనివ్వండి, వాటితో మా ప్రాణాలకు వచ్చే ముప్పేమీ లేదు. మహాసభ సంగతి అలా కాదు.

"మా సభ, మా సభ్యులు, మా ఏర్పాట్లు. బయటివాళ్లకు ఏం పని?" అని మీరు అడగవచ్చు. పని ఉంది. వైద్య విజ్ఞానం ఏడాదికేడాది మారుతుంది కాబట్టి ప్రతి డాక్టరూ అయిదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాలు నేర్చుకోవాలని 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఆ గంటలు ఎక్కడ పోగవుతాయి? ఎక్కువ భాగం మీ సంఘాల సదస్సుల్లో, మహాసభల్లోనే. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ మీ కార్యక్రమానికి క్రెడిట్ గంటలు మంజూరు చేస్తుంది. ఆ సర్టిఫికెట్ చూపించి డాక్టరు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటాడు. ఆ రిజిస్ట్రేషన్ నంబరును నమ్మి మేం మా పిల్లల్ని ఆయన ముందు కూర్చోబెడతాం. ఇంత గొలుసు ఉన్నప్పుడు మహాసభ మీ సొంత వేడుక ఎలా అవుతుంది? లైసెన్సుకు పనికివచ్చే గంటలు పంచే సభ అర్ధ ప్రభుత్వ కార్యక్రమం కిందే లెక్క. ప్రజల తరఫున పంచుతున్నప్పుడు ప్రజలకు లెక్క చెప్పకుండా ఎలా కుదురుతుంది?

మహాసభ ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మాలాంటివాళ్లకే తెలియాలి. తేదీ ఖాయం కాగానే ఆర్గనైజింగ్ కమిటీ వేస్తారు. అసలు కార్యక్రమం ఖరారు కాకముందే బ్రోచరు బయల్దేరుతుంది. అందులో ప్లాటినం స్పాన్సర్, గోల్డ్ స్పాన్సర్, సిల్వర్ స్పాన్సర్ అని అంతస్తులుంటాయి. భోజనశాల దారిలో ఉండే స్టాలుకు ఒక రేటు, మూలన ఉండేదానికి ఒక రేటు. డెలిగేట్ల సంచీ మీద ఎవరి పేరుండాలి, మెడలో వేసుకునే బ్యాడ్జీ తాడు మీద ఎవరి పేరుండాలి, రాత్రి బ్యాంక్వెట్ ఎవరి సౌజన్యం, సావనీరు వెనక అట్ట ఎవరిది, అన్నిటికీ ధర ఉంటుంది. మధ్యాహ్న భోజనానికి ముందు గంట ఏ కంపెనీ సింపోజియానికి ఇవ్వాలన్నదీ బేరమే. హాలు నిండేది అప్పుడే కదా. రోగి పక్షాన ఒక్క గంట కేటాయించిన మహాసభ కార్యక్రమ పత్రం ఏదైనా ఉంటే పత్రికలకు పంపండి, సంతోషంగా చదువుతాం.

స్టాళ్లు పెడితే తప్పేమిటి, కొత్త పరికరాలు చూడొద్దా అంటారు. చూడండి. కానీ అద్దె కట్టి వస్తువు చూపించడం వేరు, వక్తను ఎంపిక చేయడం వేరు. ఈ రెంటి మధ్య గీత ఎవరు గీస్తున్నారు? కొత్త ఇన్సులిన్ మీద మాట్లాడే ప్రొఫెసరు గారికి ఆ ఇన్సులిన్ తయారుచేసే కంపెనీతో ఏ సంబంధం ఉందో మొదటి స్లయిడులో చెప్పాలన్న నియమం మీ సభల్లో ఉందా? ఉంటే, చెప్పకపోయినవాళ్లను ఎప్పుడైనా మైకు ముందు ఆపారా?

ఇంకో వాదన మీ నోట తరచు వింటాం: "ఒక పూట భోజనానికో, ఒక పెన్నుకో అమ్ముడుపోయేంత చవకవాళ్లమా?" చవకవాళ్లు కారు. అందుకే ఇది జాగ్రత్తగా చూడవలసిన విషయం. 1992లో చెస్ట్ అనే వైద్య పత్రికలో ఒక అమెరికన్ ఆసుపత్రి అధ్యయనం వచ్చింది. రెండు మందుల కంపెనీలు అక్కడి డాక్టర్లను విహార స్థలాల్లో జరిగే సదస్సులకు అన్ని ఖర్చులూ పెట్టుకొని తీసుకువెళ్లాయి. మీ మందుల చీటీలు దీనివల్ల మారతాయా అని ముందుగా అడిగితే, చాలామంది మారవనే అన్నారు. తిరిగి వచ్చాక ఆసుపత్రిలో ఆ రెండు మందుల వాడకమూ రెట్టింపు దాటింది. 2016లో సుమారు 2,80,000 మంది అమెరికన్ డాక్టర్ల లెక్కలు చూసిన మరో అధ్యయనంలో, సగటున 20 డాలర్ల లోపు ఖరీదు చేసే ఒక్క భోజనం అందుకున్నవారిలోనూ ఆ కంపెనీ బ్రాండ్ రాసే మొగ్గు ఎక్కువగా కనబడింది. వాళ్లెవరూ చెడ్డ డాక్టర్లు కారు. తాము ప్రభావితం కామని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లు. మీరూ అలాగే నమ్ముతున్నారు. చిక్కల్లా అక్కడే ఉంది.

ఈ కానుకల ఖర్చు ఎవరి మీద పడుతుందో మన దేశంలో చెప్పింది సాక్షాత్తూ సుప్రీంకోర్టు. జింకోవిట్ పేరు తెలుగు ఇళ్లలో తెలియనివారు లేరు. ఆ బలం మాత్రల ప్రచారం కోసం డాక్టర్లకు ఇచ్చిన కానుకల ఖర్చును వ్యాపార వ్యయంగా చూపి పన్ను మినహాయింపు అడిగిన అపెక్స్ లేబొరేటరీస్ కేసులో 2022 ఫిబ్రవరి 22న తీర్పు వచ్చింది. ఉచితమని పేరేగానీ ఆ ఖర్చంతా మందు ధరలో కలిసిపోయి చివరికి రోగి నెత్తిన పడుతుందని న్యాయమూర్తులు చెప్పారు. పన్ను మినహాయింపు కుదరదన్నారు. ఆ తీర్పులో లెక్క డాక్టర్లకు ఇచ్చిన కానుకలది. మహాసభ బ్యాంక్వెట్‌కు ఇచ్చిన డబ్బు మాత్రం ఏ ఆకాశం నుంచి పడుతుంది?

2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచి పెట్టినదే. వరంగల్ ఎంజీఎం దవాఖాన ఎదురుగా ఉన్న మందుల దుకాణాల ముందు ఒక గంట నిలబడండి. ములుగు నుంచీ మహబూబాబాద్ నుంచీ వచ్చినవాళ్లు చీటీ చేతిలో పట్టుకొని "ఇందులో సగం మందులే ఇయ్యి బిడ్డా, పైసలు తక్కువున్నయి" అని అడగడం వినబడుతుంది. ఏ సగం మానేయాలో దుకాణంలో పిల్లవాడు చెబుతాడు. మీ వేదిక వెనక వెలిగే తెర మీద పేరున్న కంపెనీకి ఆ మిగతా సగం నుంచే డబ్బు వస్తుంది.

మీ క్లినిక్ బయట బ్యాగు పట్టుకొని గంటలకొద్దీ నిలబడే మెడికల్ రిప్రజెంటేటివ్‌లు కూడా ఈ పద్ధతితో విసిగిపోయారు. కంపెనీల ప్రలోభాలకు చట్టబద్ధమైన అడ్డుకట్ట కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లింది వారి జాతీయ సమాఖ్యే. సరుకు అమ్మేవాళ్లే ఇది అన్యాయమని కోర్టు మెట్లెక్కితే, చీటీ రాసేవారి సంఘం మినహాయింపు కోసం మంత్రి గడప తొక్కడం మీకు ఇబ్బందిగా అనిపించలేదా?

ఇప్పుడు నియమావళి ఉంది కదా అంటారు. 2024 మార్చి 12న కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం మందుల అమ్మకాలపై నియమావళి తెచ్చింది. విదేశాల్లో సదస్సులు పెట్టకూడదంది, డాక్టర్లకూ కుటుంబాలకూ ప్రయాణం, బస ఇవ్వకూడదంది, సదస్సుల ఖర్చును కంపెనీలు వెల్లడించాలంది. మంచిదే. కానీ అది కంపెనీలకు పెట్టిన నియమం. ఫిర్యాదు వస్తే మొదట విచారించేది కంపెనీల సంఘాల కమిటీలే. పైగా ప్రయాణ ఖర్చుల నిషేధం నుంచి వక్తలకు మినహాయింపు ఉంది. రేపు ప్రతి డెలిగేటూ ఏదో ఒక సెషన్‌కు వక్తో, సహ వక్తో అయిపోతే అడ్డుపడేవారెవరు? ఆ ఏడాది డిసెంబరులోనే అబ్‌వీ హెల్త్‌కేర్ ఇండియా 30 మంది డాక్టర్లను పారిస్, మొనాకోలకు 1.91 కోట్ల రూపాయల ఖర్చుతో తీసుకువెళ్లిందని ఆ విభాగం తేల్చింది. తలకు ఆరు లక్షల పైచిలుకు. కంపెనీకి మందలింపు పడింది. డాక్టర్ల సంగతి చూడమని మెడికల్ కమిషన్‌కు చెప్పారు. ఆ 30 మంది విషయంలో సంఘంగా మీ వైఖరి ఏమిటి? మెడికల్ కమిషన్ ఏదో ఒకటి చేసేదాకా చూడటమేనా, మీ సభ్యత్వ నియమాలకు పళ్లున్నాయా?

మీ సంఘం పుట్టిందే ఒక మహాసభలో. 1928లో కలకత్తాలో జరిగిన అఖిల భారత వైద్య మహాసభ అయిదో సమావేశం ఈ సంఘాన్ని స్థాపించింది. వలస ప్రభుత్వం కింద పనిచేస్తున్న భారతీయ డాక్టర్లకు సొంత గొంతు కావాలని బి.సి. రాయ్, అన్సారీ వంటివారు పూనుకున్న రోజులవి. వైద్యశాస్త్రాన్ని పెంపొందించడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం సంఘం ఆశయాల్లో ముందు వరసలో ఉన్నాయి. ఆ ఆశయాలను మీరే ప్రతి సావనీరులో అచ్చు వేస్తారు. ఆ పుట పక్క పుటలో ఎవరి ప్రకటన ఉంటోందో ఒకసారి చూసుకోండి.

వరంగల్ శాఖ పెద్దలతో విడిగా ఒక మాట. తెలంగాణ వైద్య విద్యకు రాజధాని మన ఊరే. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఇక్కడుంది. రాష్ట్రంలోని మెడికల్ కాలేజీలకు అనుబంధం ఇచ్చే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇక్కడుంది. 2002 నవంబరులో కన్నుమూసిన కాళోజీ దేహాన్ని ఆ కాలేజీకే అప్పగించారు, మీ పిల్లలూ మీ శిష్యులూ చదువుకోవడానికి. ఈ ఊరు డాక్టర్ల చదువుకు అంత ఇచ్చింది. డాక్టర్లను అంతే ప్రేమించింది కూడా. పిల్లల డాక్టరు, పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న తన క్లినిక్‌లోనే తూటాలకు బలైతే, ఆయన చేతి వైద్యం అందుకున్న కుటుంబాలు ఇవాళ్టికీ ఆయన్ని తలుచుకుంటాయి. అలాంటి పేరు మోసే ఊళ్లో, స్టెతస్కోపు మెడలో వేసుకొని తొలి పోస్టరు పట్టుకొచ్చే పీజీ విద్యార్థికి మహాసభలో మొదట కనిపించేది ఏమిటి? ఏ స్టాలులో ఏం పంచుతున్నారన్నదా? గురువులు ఎవరి కారులో దిగారన్నదా? నీతి పాఠం మీరు తరగతిలో చెబుతారు. పిల్లలు నేర్చుకునేది ఇక్కడ.

డబ్బు లేకుండా మహాసభ ఎలా అంటారేమో. 2023 డిసెంబరు ఆఖరున కాకతీయ విశ్వవిద్యాలయంలో ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ 82వ సమావేశం జరిగింది. దేశం నలుమూలల నుంచీ చరిత్ర అధ్యాపకులు, పరిశోధకులు వచ్చారు. పత్రాలు చదివారు, నెహ్రూ మీద అధ్యక్షోపన్యాసం విన్నారు, వెళ్లారు. చరిత్ర మాస్టార్లకు గోల్డ్ స్పాన్సర్ దొరకడు, నిజమే. కానీ దొరకనందుకు వాళ్ల చదువు ఆగలేదు. మీలోనే ఉదాహరణ కావాలంటే 1974లో మొదలైన మెడికో ఫ్రెండ్ సర్కిల్ ఉంది. ఆ డాక్టర్లు ఎక్కువగా సేవాగ్రాంలో, సాదా వసతిలో, ఎవరి ఖర్చులు వాళ్లు పెట్టుకొని ఏటా కలుస్తున్నారు. దేశంలో ప్రజారోగ్యం మీద జరిగిన గట్టి చర్చలు ఎన్నో ఆ కూడికల్లో జరిగినవే. అయిదు నక్షత్రాల హాలు లేకపోతే గుండె జబ్బు గురించి మాట్లాడలేరా? కాలేజీ ఆడిటోరియం ఉంది. విశ్వవిద్యాలయం ఉంది. రిజిస్ట్రేషన్ ఫీజు ఉంది. నెలకు లక్షలు సంపాదించే సీనియర్లు పూర్తి ఫీజు కట్టి, పీజీలకు సగానికి తగ్గించవచ్చు. బ్యాంక్వెట్ ఒక్కటి తీసేస్తే సగం స్పాన్సర్ల అవసరం తీరిపోతుందని నా అంచనా. తప్పయితే మీ లెక్కలు చూపించి సరిదిద్దండి.

అసలు అడుగుతున్నది కూడా అదే: లెక్కలు. అమెరికాలో 2010 నాటి చట్టం వల్ల ఏ కంపెనీ ఏ డాక్టరుకు ఎంతిచ్చిందో ఎవరైనా ఇంట్లో కూర్చొని చూసుకోవచ్చు. యూరప్‌లో వైద్య పరికరాల కంపెనీల సంఘమే 2018 జనవరి నుంచి డాక్టర్లను నేరుగా సదస్సులకు స్పాన్సర్ చేయడం మానుకుంది. ఇక్కడ లెక్కలు బయటపెట్టడానికి మీకు ఏ చట్టమూ అక్కర్లేదు. మీ కార్యవర్గం ఒక తీర్మానం చేస్తే చాలు. మహాసభకు ఏ కంపెనీ ఎంతిచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది, మిగిలింది ఎవరి ఖాతాలోకి వెళ్లిందన్నది సభ ముగిసిన మూడు నెలల్లో ఆడిట్ చేయించి మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. కంపెనీ డబ్బుతో నడిచిన ఏ సెషన్‌కూ క్రెడిట్ గంటలు అడగబోమని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాసివ్వండి. వక్తలను ఎంపిక చేసే కమిటీలో స్పాన్సర్లతో బేరమాడేవారెవరూ ఉండకుండా చూడండి. అన్నిటికన్నా ముందు, సంఘాలను నీతి నిబంధనల నుంచి మినహాయించాలన్న 2023 నాటి కోరికను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించండి.

మీలో కంపెనీ పెన్ను కూడా ముట్టని డాక్టర్లు ఎందరో ఉన్నారని తెలుసు. సొంత ఖర్చుతో మహాసభకు వచ్చి వెనక వరసలో కూర్చొని నోట్సు రాసుకొని వెళ్లేవారు వారే. డాక్టర్ల మీద దాడులు జరిగినప్పుడు మీ వెంట నిలబడింది మాలాంటి రోగులే, రేపూ నిలబడతాం. ఆ హక్కుతోనే అడుగుతున్నాం. వరంగల్ శాఖ నిర్వహించే తదుపరి సదస్సు బ్రోచరు అచ్చుకు వెళ్లకముందే జవాబు చెప్పండి. మినహాయింపు కావాలనే మీ మాటయితే అదీ దాచకుండా, మీ పేరుతో, తెలుగులో, మాకు అర్థమయ్యేలా చెప్పండి.

ఇట్లు,
ఒక రోగి, పౌరుడు
హనుమకొండ